విషపు పుట్టగొడుగులో పుట్టిన ఈగలు

చుక్కలమ్మ అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా కనబడదు. దర్జీ దుకాణంలో కుట్టుపూల కోసం చుక్కచుక్కగా బొమ్మలు గీసేది. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన పరిశోధన సంస్థ పెద్దసారు ఆ చుక్కలు చూసి ముచ్చటపడ్డాడు.

"పువ్వులు వదిలేసి విషపు పుట్టగొడుగులు గీస్తావా అమ్మా? పుస్తకం వేస్తున్నాం."

అలా నలభై రెండేళ్ల వయసులో ఆమె తెల్లకోటు తొడుక్కుంది. "చేతులు కడుక్కునే ఇంట్లో అడుగుపెట్టు తల్లీ!" అని భర్త దండం పెట్టాడు.

ఆ వానాకాలం పాలలా తెల్లటి పుట్టగొడుగు ఒకటి ఆమె బల్ల మీదికి వచ్చింది. చూస్తే ముద్దొస్తుంది, తింటే ప్రాణం తీస్తుంది. అది కుళ్లేదాకా రోజుకో బొమ్మ గీయాలి. గాజుసీసాలో తడి ఇసుక మీద పెట్టి, మూతికి గుడ్డ కట్టింది. ఐదో రోజున కాడలో నూకల్లాంటి పురుగులు కదిలాయి. వాటినీ గీసింది.

"ఈ మురికి తుడిచెయ్యమ్మా," అన్నాడు పెద్దసారు.

"మురికి నడుస్తుందా సార్? ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు, గీశాను."

రెండు వారాలకు సీసాలో ఈగలే ఈగలు! చుక్కలమ్మ సీసా, బొమ్మలు పట్టుకుని ఎదురుగదికి పరుగెత్తింది. అక్కడ పండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద పరిశోధన చేసే ఆవిణ్ని అందరూ ఈగల మేడం అంటారు. ఆవిడ సీసాలోకి చూసి కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"ఇవి మా ఈగల చుట్టాలే! మనిషిని చంపే విషంలో హాయిగా పెరిగాయి చూడు! చదవడమే గాని కళ్లారా చూడలేదు. పైగా రోజువారీ బొమ్మలు కూడానా!"

పట్టలేని సంతోషంతో చుక్కలమ్మను వాటేసుకుంది. గుడ్డ ముడి ఊడింది. ఈగలు గదంతా కమ్ముకున్నాయి. వాటిని పట్టడానికి ఇద్దరూ గాజుగొట్టాలు తీసుకుని బల్లలెక్కారు. గోల విని వచ్చిన పెద్దసారు బట్టతల మీద ఒకటి వాలింది.

"కదలకండి సార్! ఊపిరి కూడా తీయకండి!"

ఆయన రాయిలా నిలబడ్డాడు. చుక్కలమ్మ ఆ ఈగ మీద గొట్టం బోర్లించింది.

"మీ మురికి దొరికింది సార్!"

ఈగల మేడం నవ్వాపుకోలేక బల్ల మీదే కూలబడింది. ఆ పుట్టగొడుగు బొమ్మ పురుగులతో సహా పుస్తకంలో అచ్చయింది. ఇప్పుడు చుక్కలమ్మ పొద్దున పుట్టగొడుగులు, మధ్యాహ్నం ఈగలు గీస్తోంది.

ఒక సాయంత్రం ఇంటికొస్తూనే భర్తతో అంది: "మగ ఈగ ఒక రెక్క చాచి, ఆడదాని వెనకాలే తిరుగుతూ పాడుతుందండీ! మన పెళ్లయి ఇరవై ఏళ్లయింది, మీరు ఒక్కసారైనా పాడారా?"

ఆయన గొంతు సవరించుకుని, ఒక చెయ్యి చాచి, ఆమె చుట్టూ తిరుగుతూ పాట ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, లయ లేదు. చుక్కలమ్మ కడుపు పట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతూ, "ఇంకొక్క చుట్టు!" అంది.