ముప్పావుగంట దూరంలో చెల్లెలు

మా అత్తగారు కుట్టుమిషన్ ముందు కూర్చున్నారంటే ఇంట్లో ఇంకెవరి మాటా చెల్లదు. ఆవిడకి టేపు కూడా అక్కర్లేదు, మనిషిని ఓసారి ఎగాదిగా చూస్తే కొలతలు వచ్చేస్తాయి. ఆ మిషన్ ఆవిడ తల్లిది. తల్లి పోయాక, అక్కాచెల్లెళ్లిద్దరిదీ కుట్టుపనే కాబట్టి, నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టారు. చివరికి అక్కగారైన మా అత్తగారు మిషన్ తెచ్చేసుకున్నారు. ఒళ్లు మండి చెల్లెలుగారు దాని చెక్కమూత తన దగ్గరే అట్టేపెట్టుకున్నారు. అప్పటినుంచి రాకపోకల్లేవు. ఇక్కడ మిషన్ పాత దుప్పటి కప్పుకుని బతుకుతోంది. అక్కడ మూత దేన్ని కప్పుతోందో దేవుడికెరుక.

ఎవరైనా అడిగితే మాత్రం ఇద్దరిదీ ఒకటే జవాబు: దూరాభారం. నిజమే, కొండలు చుట్టి వెళ్లే రోడ్డు మీద పగలంతా పడుతుంది. కొత్త కోడల్ని, నేనూ నమ్మాను.

ఈ ఏడాది మా ఊరికీ ఆ చిన్నత్తగారి ఊరికీ మధ్య చిన్న విమానం వేశారు. మా ఆయన ఫోన్లో చూసి చెప్పాడు.

"రోడ్డు మీద నాలుగొందల కిలోమీటర్లమ్మా. గాల్లో అందులో సగం కూడా లేదు. ముప్పావుగంట."

మిషన్ తొక్కుతున్న అత్తగారి కాలు ఆగిపోయింది. ఆవిడ ముఖం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఇక చెప్పుకోవడానికి సాకు లేదు.

"నాకూ కోడలికీ టికెట్లు తియ్యి. మిషన్ దానికిచ్చేసి వస్తాను."

"గుమ్మంలోంచే పొమ్మంటేనో అత్తయ్యా?" అన్నాను.

"అది నా చెల్లెలు. ముందు అరుస్తుంది, తర్వాత ఏడుస్తుంది, ఆ తర్వాత కూర్చోమంటుంది. దాని వరస నాకు తెలీదా?"

ధీమాగానే అన్నారు. కానీ మిషన్‌ని తొక్కుడు స్టాండు నుంచి విప్పి దుప్పట్లో చుడుతుంటే స్క్రూలు చేజారుతూనే ఉన్నాయి.

విమానంలో ఆవిడ కిటికీ వైపు చూడనేలేదు. ముందు సీటు కవరు తడిమి, దారం నాసిరకమని తేల్చారు. నేను బిస్కట్ ప్యాకెట్ విప్పి సర్దుకునేలోపే దిగే వేళయింది.

అది బుల్లి ఎయిర్‌పోర్టు. దిగినవాళ్లు నడిచే దారికీ, అదే విమానంలో మా ఊరు వెళ్లేవాళ్లు కూర్చునే గదికీ మధ్య ఒక్క అద్దమే అడ్డం. అద్దం అవతల చిన్నత్తగారు కూర్చుని ఉన్నారు. ఫోటోల్లో చూసిన ముఖమే, జుట్టు నెరిసింది. ఒళ్లో చీరలో చుట్టిన పెద్ద మూట. దాని కొసన చెక్క కనిపిస్తోంది. ముప్పావుగంట సంగతి ఆవిడకీ ఎవరో చెప్పినట్టున్నారు.

అత్తగారు ఉంగరంతో అద్దం మీద కొట్టారు. చిన్నత్తగారు తలెత్తి చూశారు. అప్పుడే విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. ఆవిడ లేచి వరసలోకి కాకుండా వెనక్కి నడిచారు.

మేం దుప్పటి మూట తీసుకుని బయటికొచ్చేసరికి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, మూత చంకలో పెట్టుకుని. మా మూట తడిమి చూశారు. చూసి, మా అత్తగారు చెప్పినట్టే ముందు అరిచారు.

"మూత లేకుండా దీన్ని ఇంతదూరం ఎలా తెచ్చావక్కా? ఏ చక్రమో విరిగితే?"

మా అత్తగారు చెల్లెలి చంకలోని మూత మీద చెయ్యి వేశారు.

"దూరమెక్కడే," అన్నారు. "ముప్పావుగంట."