పిన్ను పట్టిన చార్జరు

ఇనుప గని టౌన్‌షిప్ బజారులో నేను రిపేరు దుకాణం తెరిచిన నాలుగో ఏడాది అది. మండు వేసవి. గాలి తోలితే చాలు, ఎర్రదుమ్ము కిటికీ సందుల్లోంచి ఇళ్ళలోకి దూరేది.

ఒక పొద్దున సరోజనక్క వచ్చింది. సొంతూరు కిష్టారం, భర్త గనిలో డంపర్ లారీ నడుపుతాడు. ఆమెకు ఆయాసం. చీపురు పడితే దుమ్ము లేచి ఊపిరాడదని, చేత్తో పట్టుకునే చిన్న బ్యాటరీ వాక్యూమ్ క్లీనర్ కొనుక్కున్నారు. క్వార్టర్ మారేటప్పుడు దాని చార్జరు ఎక్కడో పోయింది.

"పక్కింటోళ్ళ టీవీ సెట్‌టాప్ డబ్బా చార్జరు పెట్టిన తమ్మీ. పిన్ను మంచిగనే పట్టింది, లైటు గూడ ఎలిగింది. జరసేపయినంక చెయ్యి పెడితే పెనం లెక్క కాలింది. గుంజేసిన. మా ఆయన నవ్విండు, చార్జింగంటే వేడెక్కదా ఏంది అని. నాకు మనసొప్పలే."

మిషను అడుగున ఉండే వివరాల స్టిక్కరు, తడిగుడ్డతో తుడిచీ తుడిచీ చెరిగిపోయింది. అందుకని విప్పి చూశాను. లోపల ఒకదాని వెనక ఒకటి కలిపిన రెండు లిథియం సెల్స్. ఆ జతకు చార్జరు ఎనిమిది పాయింటు నాలుగు వోల్టులు మించి ఇవ్వకూడదు. ఆమె తెచ్చినదానికి మల్టీమీటరు పెడితే పన్నెండు చూపించింది. నిండగానే ఆపే సర్క్యూట్ ఆ చవక మిషనులో లేనే లేదు. ఒక సెల్ పైతొడుగు అప్పటికే వేడికి ముడుచుకుపోయింది.

"పిన్ను ఒక్కతీరే ఉంటే కరెంటు ఏరే ఎందుకుంటది?" అని అడిగిందామె.

"పిన్ను సైజు తయారు చేసేవాళ్ళ ఇష్టం అక్కా. మనం చూసుకోవాల్సింది వోల్టేజ్, అంటే కరెంటును నెట్టే బలం. అది సరిగ్గా కుదరాలి. ఆంపియర్లు, అంటే పారే కరెంటు, పాతదాని అంతే ఉండాలి. ప్లస్సు, మైనస్సు తారుమారు కాకూడదు. లిథియం బ్యాటరీకి లిథియం చార్జరే పెట్టాలి."

"ఇంకాసేపు ఉంచితే ఏమవుతుండే?"

"నిప్పంటుకునేదేమో."

ఆమె మెల్లగా, "మంచం పక్కనే పెట్టిన," అంది.

సెల్స్ రెండూ మార్చాను. సరైన చార్జరు జగదల్‌పూర్ నుంచి బస్సులో తెప్పించాను. మొదటిసారి చార్జింగ్ దుకాణం ముందు సిమెంటు అరుగు మీదే పెట్టాం. లైటు పచ్చగా మారేదాకా ఆమె స్టూలు మీంచి లేవలేదు.

వారం తిరక్కుండా ఆమె భర్త ఒక సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఇంట్లో ఉన్న చార్జర్లన్నీ అందులోనే ఉన్నాయి.

"ఏది దేనిదో రాసియ్యవయ్యా. రాయించకుంటే ఇంటికి రావద్దన్నది," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నేను కూడా ముందు పిన్ను చూసి, తర్వాత మిగతావి చూసేవాణ్ణి. ఆ తర్వాత స్టిక్కరు చదవకుండా, అది చెరిగిపోతే మిషను విప్పకుండా, ఒక్క చార్జరూ ఎవరికీ ఇవ్వలేదు.