సగం గొంతు మండీకి, సగం దుర్యోధనుడికి

పొద్దున కాఫీ గ్లాసు చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగితే మా పాప నోరు తెరవలా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఇంకొంచెం పడుంటే బాగుండు అన్నట్టు చూపించింది. బుగ్గలో ఏందో పుల్ల ఉండాది. దగ్గరికి పోతే అతిమధురం వాసన, గొంతు కాపాడుకునేదానికి నమిలే పుల్ల. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కొంచెం భయమూ వేసింది. మా పాపంటే చిన్నదేం కాదు. అంగళ్లు ఊరి కాలేజీలో ఎంబీఏ చదివి, ఇప్పుడు మదనపల్లె టమాటా మార్కెట్టులో మా మండీని నడిపేదీ, వేలం పాడేదీ తనే. మండీ అంటే రైతు తెచ్చిన కాయల్ని వేలం పాడి వ్యాపారికి అమ్మిపెట్టే చోటు. ఈసారి మనిషి పాప అయినా, ఆ పుల్లా ఆ సైగా మాత్రం నాకు కొత్త కాదు. అవి ఈ ఇంట్లో పాప పుట్టకముందు నుంచీ ఉండాయి.

నన్ను పుంగనూరికి కోడలిగా ఇచ్చేటప్పుడు సంబంధం తెచ్చినాయన మా నాన్నతో ఒకటే మాట చెప్పినాడు. "అబ్బాయికి ఆస్తి పెద్దగా లేదు గానీ గొంతు ఉండాది సూడప్పా, ఆ గొంతు!" నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. అక్షరాలు ఆగిపోయినాయి గానీ మాటలు మాత్రం ఎవరూ ఆపలేకపోయినారు. నూతి కాడ మొదలుపెడితే బిందె నిండి పొర్లిపోయినా నా కథ అయ్యేది కాదు. మంచి గొంతున్న మొగుడంటే నా మాటకు మాట చెప్పేవాడు దొరికినాడని మురిసిపోయినా. చలికాలమంతా బాగానే మాట్లాడినాడు. ఎండలు ముదిరినాయో లేదో, ఒక దినం పొద్దున లేచి నోరు మూసుకున్నాడు. అన్నం పెడితే తింటాడు, నీళ్ళిస్తే తాగుతాడు, మాట లేదు. సంగటి ముద్ద గట్టిపడిందేమో, ఊరిబిండి పచ్చడిలో ఉప్పెక్కువైందేమో, మా పుట్టింటోళ్ళు ఏమన్నా అన్నారేమో అని నాలో నేనే కుమిలి, కడాకు మా అత్తను అడిగినా. ఆమె చేటలో రాగులు చెరుగుతా నవ్వింది. "వానికి కోపం కాదు పాపా. సగం గొంతు మండీకి, సగం దుర్యోధనుడికి. ఇంటికేం మిగలదు."

కాపురం పుంగనూర్లో అయినా మా ఆయన పుట్టిన ఊరు కుప్పం అవతల, గుడుపల్లె పక్కన. ఏటా ఎండాకాలంలో ఆ ఊర్లో భారతం పెడతారు. పగలు హరికథ, రేత్రి వీధి నాటకం. కడపటి దినం పొద్దున దుర్యోధనుని వధ. మీసం మొలిచినప్పటి నుంచీ దుర్యోధనుడు మా ఆయనే. మైకు లేని కాలం నుంచీ ఆడిన గొంతు, చివరి వరసలో నిద్రపోయే ముసలోళ్ళను కూడా లేపేది. మండీలోకి వచ్చింది కూడా ఆ గొంతుతోనే. పడుచుతనంలో ఎవరిదో టమాటా లారీతో మదనపల్లెకు వచ్చి, ఆ కిటకిటలో తప్పిపోయిన తోడు మనిషిని ఒక్క కేక పెట్టి పిలిచినాడంట. మార్కెట్టంతా తిరిగి చూసిందంట. ఒక మండీ ఓనరు పరిగెత్తుకొచ్చి, "ఏమప్పా, నా కాడ వేలం పాడతావా?" అని చెయ్యి పట్టుకున్నాడంట. ఆ దినం నుంచీ పొద్దున మండీలో పాట, భారతం వస్తే బస్సెక్కి పోయి ఆట. రెండూ ఎండాకాలంలోనే వచ్చి పడతాయి. కాయలు కుప్పలుగా వచ్చేదీ అప్పుడే, పాండవులు అడవి నుంచి వచ్చేదీ అప్పుడే.

అందుకని ఆ రెండు నెలలూ మా ఇంట్లో సైగలే. పిడికిలి చూపిస్తే సంగటి. అరచెయ్యి బోర్లిస్తే చాలు. రెండు వేళ్ళు గాల్లో నడిపిస్తే బయటికి పోతాండా అని. ఎడమ కనుబొమ్మ లేస్తే ఇంకా కావాల, రెండూ లేస్తే ఉప్పెక్కువ. నటుడు గదా, ఆయన సైగ కూడా మామూలుగా ఉండేది కాదు. మజ్జిగ అడిగినా సభలో తమ్ముణ్ణి పిలిచినట్టే ఉండేది. మా అత్తకు చూపు ఆనక, "ఏమంటాండాడే వాడు?" అని వంటింట్లోంచి అరిచేది. "మజ్జిగ అడగతాండాడత్తా, అల్లం వెయ్యొద్దంట" అని నేను చెప్పేదాన్ని. అట్లా నాలుగైదు ఎండాకాలాలు గడిచేసరికి, ఆయన చెయ్యి లేవక ముందే నాకు మాట వినపడేది.

ఆ తర్వాత మా ఆయనకు సొంత మండీ పెట్టాలని బుద్ధి పుట్టింది. నా మెడలోవీ చేతులవీ కొన్ని దానికే పోయినాయి, మా అత్త కమ్మలూ పోయినాయి. నమ్మి కాయలు తెస్తామన్న రైతులు రామసముద్రం వైపోళ్ళు. వాళ్ళకు పెద్ద ఒక ముసలాయన. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయన యాడికి పోతే ఊరంతా ఆడికే. మొదటి పెద్ద కోత ఎప్పుడని అడిగితే ఆయన చెప్పిన దినం విని నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నా. దానికి ముందు దినమే దుర్యోధనుని వధ.

"ఈ ఒక్క ఏడు వేషం మానెయ్యయ్యా" అన్నా. "ఆడ గొంతు పోతే ఈడ మండీ పోతాది. రైతులు పక్క మండీకి పోతే మళ్ళీ తిరిగి చూడరు."

మా ఆయన బుగ్గలోని పుల్ల తీసి పక్కన పెట్టినాడు. ఆ ఎండాకాలంలో ఇంట్లో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే. "ఏమే, ఈ గొంతు నాకు యాడ వచ్చింది? ఆడ నేర్చిందే ఈడ అమ్ముతాండా. ఆడికి పోకుంటే అమ్మేదానికి నా కాడ ఏముంటాది?" అని, పుల్ల మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. ఇంక నేనెంత వాదించినా అరచెయ్యి బోర్లించడమే.

సరే, నేనూ వెంట పోయినా. దుర్యోధనుని వధ చూడనోళ్ళకు చెప్తాండా. ఊరి బయట మైదానంలో బంకమన్నుతో దుర్యోధనుని బొమ్మను వెల్లకిలా పండబెడతారు. ఒక ఇల్లంత పొడుగుంటాది, రంగులేసి, మీసాలు దిద్ది. తొడలో ఎర్రనీళ్ళ కుండ పూడుస్తారు. భీముడూ దుర్యోధనుడూ ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా కొట్లాడి, కడాకు భీముడు తొడ మీద గద వేస్తే ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. అప్పుడు ఊరి ఆడోళ్ళంతా ఇల్లు చిమ్మే పొరకలు తీసుకుని బొమ్మను నాలుగు దెబ్బలు వేస్తారు. పీడ పోతాదని నమ్మకం. ఆ ఏడు నేనూ పొరక తీసుకుని బొమ్మ మీసం కాడ నిలబడి, మాట్లాడని ఎండాకాలాలన్నిటికీ కలిపి గట్టిగానే వేసినా. పక్కనున్న ఆడబిడ్డ వరసామె, "వదినా, అది మన్నే! ఇంటికి పోయి అసలోణ్ణి కొట్టుకో" అని నవ్వింది.

నవ్వలేకపోయినా. ఆయన గొంతు పోయిందని అప్పటికే నాకు తెలిసిపోయింది. తొడ విరిగి పడినాక దుర్యోధనుడు చెప్పే కడపటి మాటలుంటాయి. మా ఆయన మొదలుపెట్టినాడు, సగంలో గొంతు పగిలింది, ఆ తర్వాత పెదాలే కదిలినాయి. వెనక వంత పాడేవాళ్ళు తెలివైనోళ్ళు, గబుక్కున అందుకుని ముగించేసినారు. జనం అది నటనే అనుకున్నారు. చచ్చిపోయే రాజుకు గొంతెట్లా వస్తాదని కండ్లు తుడుచుకున్నారు. నాటకం నేర్పే అయ్యవారు కూడా ఆయన వీపు తట్టి, "ఇన్నేండ్లలో ఇట్లా చావలేదప్పా నువ్వు!" అని మెచ్చుకున్నాడు.

కుప్పంలో బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చుని ఆయన పలమనేరు దాకా బయటికే చూసినాడు. చెవుల వెనక, వేషానికి మొగానికి పూసుకున్న పచ్చ అరదళం ఇంకా అంటుకునే ఉండాది. నేను కొంగు తడిపి తుడిచినా. ఏమన్నా చెప్తాడేమో అని చూస్తే, చెయ్యి లేవలా. సైగకు కూడా మాట లేకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున కషాయం, ఉప్పునీళ్ళు, మిరియాల పాలు అన్నీ అయినాయి. గొంతు పెగలలా. ఒంటిగా పంపబుద్ధి కాక, ఫ్లాస్కులో ఇంకింత కషాయం పోసుకుని నేనూ మదనపల్లె బస్సెక్కినా. మండీ లోపలికి నేను పోవడం అదే మొదలు. కాయలు ఏరే ఆడోళ్ళు తప్ప ఆడమనిషి అలికిడి లేదు. నలిగిన తొడిమల పచ్చి వాసన, లారీల పొగ, నాలుగు దిక్కులా వేలం పాటలు. మా మండీ ముందర రామసముద్రం కాయలు క్రేట్లకు క్రేట్లు పేర్చి ఉండాయి, ఎర్రగా, మెరిసిపోతా. ముసలాయన తలగుడ్డ సర్దుకుంటా, "కానీ అప్పా, మొదలుపెట్టు" అన్నాడు.

మా ఆయన గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపినాడు.

రైతులు ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. పక్క మండీ ఓనరు దీనికోసమే కాచుకున్నట్టు వచ్చినాడు. "దానికేముంది మామా? కాయలు నా తట్టు దించండి, నా మనిషి పాడతాడు. రాజులకు నాటకాలు, మనకు యాపారం!" అన్నాడు. చుట్టూ నవ్వులు. ముసలాయన నవ్వలా గానీ, "కాయ ఆగదు గదప్పా" అని మా ఆయన్నే చూసినాడు. ఇద్దరు హమాలీలు అప్పుడే క్రేట్ల మీద చేతులు వేసినారు.

అప్పుడు మా ఆయన ఒక క్రేటులోంచి మంచి కాయ తీసినాడు. భుజాలు వెనక్కి పోయినాయి. నడక మారింది. దుర్యోధనుడు సభలోకి వచ్చే నడక అది. ఆ కాయను కిరీటంలో మణి మాదిరి పైకెత్తి, వ్యాపారులందరి మొగాల ముందర ఒక చుట్టు తిప్పి, ఎడమ చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు విప్పినాడు. ఆ మూడు ఏందో ఎవరికీ అర్థం కాలా.

నాకైంది. మా అత్త వంటింట్లోంచి అడిగితే చెప్పినట్టే నోట్లోంచి వచ్చేసింది. "క్రేటు మూడు నూర్ల కాడ మొదలంట!"

అందరూ నా తట్టు తిరిగినారు. చెన్నై వ్యాపారి ఒకాయన, "ఏమ్మా, నువ్వు పాడతావా వేలం?" అన్నాడు.

"నేను యాడ పాడతాండానన్నా? పాడేది ఆయనే. నేను చెప్తాండా, అంతే."

ఇంక ఆట మొదలైంది. ఆయన ఎడమ కనుబొమ్మ లేపితే, "ఇంకా రావాలంట" అన్నా. ఒకాయన రేటు పెంచితే, తమ్ముణ్ణి కౌగిలించుకున్నట్టు చేతులు చాపినాడు. "ఈయన మనోడంట!" అన్నా. ఉత్తరాది సేటు ఒకాయన మరీ కిందికి అడిగితే, మా ఆయన రెండు చేతులతో తొడ పట్టుకుని మెల్లగా క్రేట్ల మీదికి ఒరిగిపోయినాడు. "ఆ రేటుకు తొడ విరిగిందంట సేటూ!" అన్నా. మార్కెట్టు గొల్లుమనింది. పక్క మండీ కాడ వేలం చూస్తాండే వ్యాపారులు కూడా ఇటు వచ్చి నిలబడినారు. సేటు తానే నవ్వి, "ఉఠో రాజా, ఉఠో" అని, లెయ్యమని చేత్తో చూపిస్తా రేటు పెంచినాడు.

కథ చెప్తాండా గదా అని గొప్పగా చెప్పను. ఆ దినం మా కాయలు పక్క మండీ కంటే ఎక్కువేం పలకలా. తక్కువా పలకలా. మాకు అది చాలు. ముసలాయన పోతా పోతా, "ఎల్లుండి మళ్ళీ కోస్తాం. నువ్వూ వస్తావు గదమ్మా?" అని నన్నడిగినాడు. మా ఆయన గొంతు బాగుపడే దాకా పోయినా. బాగుపడినాక కూడా కొన్నాళ్ళు పోయినా. మాట్లాడినందుకు మెచ్చుకునే చోటు నాకు అంతకు ముందు దొరకలేదు మరి.

ఇప్పుడు మా పాప వంతు. పోయిన నెల నాటకం అయ్యవారి కొడుకు ఇంటికొచ్చి, ఈ ఏడు ద్రౌపది వేషం పాప వేస్తే బాగుంటాదని అడిగినాడు. ఇన్నేండ్లూ ఆ వేషం మగోళ్ళదే. ఊర్లో పెద్దలు, ఆడపిల్ల ఆటలోనా అని గొణిగినారంట. మా ఆయన పోయి, "దుర్యోధనుని కూతురు ద్రౌపది వేసి అడగాల్సింది అడగతాది, మీకేం కష్టం?" అని ఒప్పించి వచ్చినాడు.

పాప కాఫీ తాగి, పుల్ల తీసి మెల్లగా అడిగింది. "అమ్మా, నిజంగా నా గొంతు పోతే? మండీలో ఎవరు పాడతారు?"

నేను నోరు తెరిచే లోపల గడప కాడ పీట మీదినుంచి మా ఆయన అందుకున్నాడు. "మీ అమ్మ ఉండాది గదా! కాకుంటే నీ సైగలు కొత్తవి, ముందు ఆమెకు నేర్పించు. ఆ చక్కెర సైగ సరిగా రాలేదు, చెయ్యి ఇంకా పైకెత్తాల..." అని మొదలుపెట్టి, అయ్యవారు తనకు చేతులు నేర్పిన కథ, ఆ కథలోంచి ఆ ఏటి వానల కథ, ఆ వానల్లోంచి టమాటా కథ. పాప మండీకి పోయినా ఆయన ఆపలా. ఆయన గొంతు ఇప్పుడు జీరబోయింది. వేలానికి చాలదు, వేషానికీ చాలదు. మండీ తన సగం తీసుకుంది, దుర్యోధనుడు తన సగం తీసుకున్నాడు, కాలం వచ్చి వెతికి వెతికి, వాళ్ళిద్దరూ మరిచిపోయిన చిన్న ముక్క ఒకటి తెచ్చి నా వంటింటి గడప కాడ కూర్చోబెట్టింది. పొద్దుట్నుంచీ అది మాట్లాడతానే ఉండాది.