తెర మీద మంచు

రోజూ సంధ్యావందనంలో ముక్కు పట్టుకుని ఊపిరి బిగించేవాడికి ఊపిరి తీయడం నేర్పుతామంటే తాతకు దగ్గులు నేర్పినట్టే కదా. అమలాపురంలో మానసిక వైద్యురాలి దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఆ చిరాకే కలిగింది. కానీ వెళ్లక తప్పలేదు. పోయిన వేసవిలో అప్పనపల్లిలో వేదపారాయణం చేస్తుండగా, చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన ఒక వేదభాగం, ఆ పన్నం మధ్యలో గుండె దడదడలాడి, తరవాతి మాట ఎగిరిపోయింది. పక్కనున్న మా తమ్ముడు అందుకున్నాడు. ఆ తరవాత కూడా అలాగే జరిగింది. ఇలాగే ఉంటే ఇక నన్నెవరూ పిలవరు. వేదం చెప్పడం తప్ప నాకు మరో పని రాదు.

డాక్టరుగారు నా వేలికి క్లిప్పు తగిలించి టీవీ ముందు నిలబెట్టారు. తెర మీద ఒక కాలవ, ఒక పడవ. నేను చెయ్యి ఎటు కదిపితే పడవ అటు తిరుగుతుంది. గుండె వేగం పెరిగితే మంచు కమ్మి దారి కనబడదు. మనసు కుదుటపడితే మంచు విడుతుంది. ఈ వయసులో వీడియో గేమా అని సిగ్గేసింది.

చాలా రోజులు పడవ ఒడ్డును గుద్దుకోవడమే సరిపోయింది.

"మీ చెయ్యి పైకీ కిందకీ ఎందుకు ఆడుతోందండీ?" అని అడిగారు డాక్టరుగారు.

మనసు నిలవడానికి నేను లోపల పన్నం చెప్పుకుంటున్నాను. స్వరాన్ని బట్టి చెయ్యి దానంతటదే లేచి దిగుతోంది. ఏ కష్టమొచ్చినా మా ఇంట్లో చేసేది అదే. ఆ మాట ఆవిడకు చెప్పడానికి మొహమాటపడి, అలవాటండి అన్నాను.

"ఇవాళ లోపల ఏమీ అనుకోకండి. ఊరికే పడవ నడపండి చాలు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను, కుదరదనుకుంటూనే.

కుదిరింది. కాసేపటికి మంచు పలచబడి, నీళ్లు కనబడి, పడవ తిన్నగా సాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో, ఆగిపోయిన ఆ పన్నం మనసులో ఎత్తుకున్నాను. మొదటి మాటకే మంచు కమ్మేసింది. ఆపితే విడిపోయింది. ఎన్నడూ తప్పు పోనిది మరొకటి ఎత్తుకున్నాను. మళ్లీ మంచే. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఇన్నేళ్లూ నన్ను నిలబెడుతోందనుకున్న దానికే నా గుండె అదురుతోంది.

"ఇందాకా ఎంత బాగా నడిపేరండీ" అన్నారు డాక్టరుగారు. "ఏం గుర్తొచ్చిందో గానీ, దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. మీకు తగ్గిపోద్దండి."

"ఆయ్" అన్నాను. వేలి క్లిప్పు తీసి ఆవిడ చేతికిచ్చాను.