ఏడు వంతెనలు, ఎండిపోయిన తునికాకు

ఇప్పుడు ఏ పాఠం కావాలన్నా ఫోను మీద వేలు కదిపితే చాలు, పది మంది సార్లు వరుసకట్టి నిలబడతారు. నేను ఎంసీఏ చదివిన రోజుల్లో ఒక్క సారును ఇంటికి తెచ్చుకోవడానికి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఎన్నిసార్లు బస్సెక్కానో చెబితే మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. తెలివి లేకపోవడం వేరు, తెలివి ఎక్కడ దొరుకుతుందో తెలియకపోవడం వేరు. నాకు ఆ రెండూ ఉండేవనుకోండి, అది వేరే సంగతి.

మొదటి ఏడాదిలోనే డిస్క్రీట్ మ్యాథ్స్ అని ఒక సబ్జెక్టు ఉండేది. కంప్యూటర్ చదువుకు కావలసిన లెక్కలన్నీ అందులోనే. ఒకసారి రాసి తప్పాను. రెండోసారీ తప్పితే పై ఏడాదికి పోనివ్వరు, ఏడాది ఆగితే సర్కారు కట్టే ఫీజు ఆగుతుంది, ఫీజు ఆగితే నా చదువు అంతటితో సరి. ఇక అవ్వ పక్కన (అవ్వంటే మా అమ్మ) చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టుకోవడమే. ఆ పని తక్కువదని కాదు, లెక్కల కంటే అందులో నేను ఇంకా అధ్వానం. నేను చుట్టినవాటిని కార్ఖానా గుమాస్తా వేరే కుప్పగా పోసి, ఈ ఘనకార్యం ఎవరిదని అడిగేవాడు.

పుస్తకం కొందామంటే దాని ధర విని దుకాణంలోంచి నా కాళ్ళు వాటంతటవే బయటికి వచ్చాయి. కాలేజీ లైబ్రరీలో ఒక్క కాపీ ఉండేది. పిల్లలకిస్తే పోతుందని దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. దణ్ణం పెట్టుకోవచ్చు గానీ తెరవడానికి లేదు. ఒక సీనియర్ అక్క దయతలచి తన జిరాక్సు ఇచ్చింది. అది జిరాక్సుకు జిరాక్సు, దానికీ జిరాక్సు. అన్నిసార్లు అచ్చయ్యేసరికి అక్షరాల మీద 'కాదు' అని చెప్పే చిన్న గీతలన్నీ అరిగిపోయాయి. అవునన్నదీ కాదన్నదీ ఒక్కతీరుగానే కనబడేవి. (మొదటిసారి పరీక్షకు అందులోనే చదివి వెళ్ళాను. ఫలితం చెప్పాను కదా.)

చివరికి కామారెడ్డిలో నేను హాల్ టికెట్ తీసుకునే నెట్ సెంటర్ నడిపే అన్న నా ఏడుపు మొహం చూసి జాలిపడ్డాడు. "చెల్లె, పెద్ద పెద్ద కాలేజీల సార్లు చెప్పిన పాఠాలు నెట్ల ఉత్తగనే ఉన్నయి. దించుకునుడే ఆలస్యం" అన్నాడు. ఆ ఆలస్యం రెండు వారాలు పట్టింది. ముప్పావు పాఠం దిగేది, కరెంటు పోయేది, మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఆఖరికి మూడు డీవీడీలు చేతికొచ్చాయి. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా రెండు చేతులా అదిమి పట్టుకుని ఇంటికి తెచ్చాను.

పరీక్ష సెలవుల్లో మా వాడకు కరెంటు ఉండేది మధ్యాహ్నం పూటే. ఆ వేళకు ముందు గదిలో టీవీ ఎదురుగా అవ్వ, పక్కింటి అత్తమ్మ, మా పెద్దమ్మ, ముగ్గురూ బీడీలు చుడుతూ ఉండేవారు. నేను డీవీడీ తీయగానే కొత్త సినిమా తెచ్చానని సర్దుకుని కూర్చున్నారు. తెర మీదికి బట్టతల, చేతుల్లేని స్వెట్టర్ వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి, నల్లబల్ల మీద ఇంగ్లీషులో ఏదో రాయడం మొదలుపెట్టాడు. ముగ్గురూ మర్యాదగా కాసేపు చూశారు. తర్వాత పెద్దమ్మ అడిగింది: "ఈయనొక్కడేనా బిడ్డా? ఇంకెవ్వరు రారా?"

ఎవరూ రారని తెలిస్తే సీరియల్ పెట్టమంటారు. సరిగ్గా అప్పుడే సారు బల్ల మీద ఒక నది గీశాడు. నది నడుమ రెండు లంకలు, వాటినీ రెండు ఒడ్లనూ కలుపుతూ ఏడు వంతెనలు. నేను టక్కున అందుకుని, ఇదొక కథ అన్నాను. ఆ ఊళ్ళో ఒకాయన ఏడు వంతెనలూ తిరగాలి, ఒక్కో వంతెన ఒక్కసారే దాటాలి, ఏదీ విడిచిపెట్టకూడదు, అదీ పందెం అన్నాను. ఏ తొవ్వన (తొవ్వంటే దారి) పోయిండో చెప్పమంది అత్తమ్మ. ఆ మాట సారు చెప్పబోతుండగానే డీవీడీ మీద గీత పడ్డచోటు వచ్చి, ఆయన సుద్దముక్క పైకెత్తి అట్లాగే బిగుసుకుపోయాడు. తెలియదని ఒప్పుకుంటే పోయేది. ఎంసీఏ చదివే పిల్లను కదా, పరువు అడ్డం వచ్చింది. తొవ్వ ఉన్నదనీ, నాకు తెలుసుననీ, మీరే వెతుక్కోండనీ గొప్పగా చెప్పాను.

అదే నేను చేసిన తప్పు. అత్తమ్మ ముగ్గుపిండితో బండల మీద నది గీసింది. ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలు వంతెనలయ్యాయి, బీడీలు కట్టే దారం తొవ్వ అయింది. ఎటు నుంచి పరిచినా ఒక వంతెన మిగిలిపోయేది. మొదటి రోజు అవ్వ ఇద్దరినీ కసిరింది. రెండో రోజు తనే చాట పక్కన పెట్టి, మీకు చేతకాదు ఇటియ్యమంటూ దారం లాక్కుంది. ఇంతలో తడిబట్టలో చుట్టి ఉంచాల్సిన తునికాకు కాస్తా ఎండిపోయింది. ఎండిన ఆకు చుట్టబోతే పగులుతుంది. మూడో రోజు ముగ్గురి బీడీలూ లెక్కకు తక్కువొచ్చాయి, వచ్చినవాటిలో సగం పగిలినవే. ఇట్లయితే ఇకమీదట ఆకూ తంబాకూ ఇవ్వనన్నాడట గుమాస్తా. అవ్వ ఇంటికొచ్చి నా ముందు నిలబడి, "తొవ్వన్న చెప్పు, లేకుంటే ఆ టీవీనన్న బందు పెట్టు" అంది. పరీక్షకు నాలుగు రోజులుంది. చెప్పడానికి తొవ్వ తెలియదు, టీవీ బందు పెడితే వేరే గతి లేదు.

మరునాడు పొద్దున, నిజం చెప్పి తిట్లు తిందామని నోరు తెరవబోతుండగా పెద్దమ్మ వచ్చింది. ముగ్గురు కూతుళ్ళను మూడు ఊళ్ళకిచ్చి, ఏడాది పొడుగునా బస్సుల్లో తిరిగే మనిషి ఆమె. వేలిముద్ర తప్ప సంతకం రాదు. వచ్చి ముగ్గు ముందు చతికిలబడి, "తొవ్వ లేదు బిడ్డా" అంది. "ఏ ఊరికైనా వచ్చేతందుకు ఒక తొవ్వ, పోయేతందుకు ఒక తొవ్వ కావాలె. గీడ మూడున్నయి సూడు. ఒకదాంట్ల వస్తవు, ఇంకోదాంట్ల పోతవు, మూడోదాంట్ల మల్ల వస్తవు. ఇగ ఎట్ల పోతవు? ఆడనే పండాలె. బయలెల్లిన కాడ ఒక బేసి చెల్లుతది, పండిన కాడ ఒకటి చెల్లుతది. గీడ నాలుగు జాగలు, నాలుగూ బేసే. తతిమ్మ రెండు కాడ ఏం జేస్తవు?"

నేను లెక్క చూశాను. ఒక లంకకు అయిదు వంతెనలు, మిగతా మూడు చోట్లా మూడేసి. రెండు నెలలుగా జిరాక్సులో చదివి బట్టీపట్టి, ముక్క అర్థం కాని సిద్ధాంతం మా ఇంటి బండల మీద, ముగ్గుపిండిలో, పూర్తిగా నిలబడి ఉంది. సిగ్గూ సంతోషం ఒక్కసారే ముంచుకొచ్చి, నాకు తొవ్వ తెలియదనీ, అబద్ధమాడాననీ ఒప్పేసుకున్నాను. అవ్వ నావైపు చూసిన చూపు గురించి రాయను. శిక్షగా మిగిలిన మూడు రోజులూ ముగ్గురికీ ఆకు నేనే కత్తిరించాను. కత్తిరిస్తూనే మిగతా డీవీడీలు చూసి, ప్రతి పాఠం పెద్దమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె తలూపితే నాకు వచ్చినట్టు, ఊపకపోతే మళ్ళీ వెనక్కి తిప్పడమే. (దాదాపు అన్నీ రెండేసిసార్లు తిప్పాను.)

పరీక్షలో వంతెనల ప్రశ్న వచ్చింది. పుస్తకం భాష నాకు రాదు కాబట్టి, వచ్చేందుకు ఒకటి పోయేందుకు ఒకటి అని పెద్దమ్మ మాటలనే నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి వచ్చాను. గట్టెక్కాను, అదీ అంచు మీద. కామారెడ్డి నుంచి బస్సు దిగి నేరుగా పెద్దమ్మ ఇంటికే పరుగెత్తాను. పాసయ్యానని చెబితే సంతోషపడింది గానీ, మార్కులు అడగలేదు. చేతిలో బీడీ చుట్టడం ఆపకుండానే, "సారుకు చెప్పినవా మరి, తొవ్వ లేదని? పాపం పెద్దమనిషి, సుద్ద పట్టుకొని ఇంక ఎతుకుతనే ఉండొచ్చు" అంది.

చెప్పాననే అన్నాను. ఆమె నిమ్మళంగా తలూపింది. తొవ్వ లేదన్న సంగతి ఎవరో మహానుభావుడు మనకంటే ఎన్నో తరాల ముందే కనిపెట్టాడని తర్వాతి డీవీడీలో సారు చెప్పనే చెప్పాడు. ఆ ఒక్క ముక్క మాత్రం నేను పెద్దమ్మకు తెలుగులో చెప్పలేదు. ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ చెప్పలేదు.