నీలి పెదవుల పదిహేడో ఎక్కం

పదిహేడు ఆర్ల నూట రెండు దగ్గర మా మేనకోడలు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారి ఎదుట గొంతుక్కూర్చుంది. మోకాళ్ళు రొమ్ముకు ఆనించుకుని తల వంచేసింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పెద్ద మాస్టారు బెత్తంతో బల్ల మీద కొట్టి, "లే! మళ్ళీ మొదట్నించీ!" అన్నారు.

పిల్ల లేవలేదు. నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుని, కూర్చున్నచోటు నుంచే, "మొదటివి చెప్పేశాను కదండీ," అంది. మళ్ళీ ఆగింది. "పదిహేడు ఏళ్ళ... నూట పంతొమ్మిది."

బెత్తం మళ్ళీ లేచింది. ఇన్‌స్పెక్టరు గారు దాని మీద చెయ్యి వేశారు. "ఉండండి మాస్టారూ. లెక్క తప్పలేదుగా."

అవి యాభైల చివరి ఏళ్ళు. నేను గుంటూరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాస్తూ, పక్క పల్లెలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ రోజు ఇన్‌స్పెక్షను వార్త రాసుకునే నెపంతో బడి కిటికీ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. బడి వెనకే మిరప కళ్ళం. ఎండిన కాయల ఘాటుకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన దగ్గర్నుంచీ తుమ్ముతూనే ఉన్నారు. మా అక్క కూతురు మూడో తరగతిలో మూడో ఏడు. ఈసారీ ఎక్కం అప్పచెప్పలేకపోతే పేరు కొట్టేస్తానని మాస్టారు ముందే చెప్పారు.

ఆయన చెడ్డవాడు కాడు. ఆ కాలపు బళ్ళలో పద్ధతే అది. ఎక్కం నిలబడి చెప్పాలి, గుక్క తిప్పుకోకుండా చెప్పాలి, ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి కాదు, ఒకట్ల నుంచి మళ్ళీ ఎత్తుకోవాలి. ఆగాడంటే రాలేదని లెక్క. పుట్టుకతోనే గుండె గోడకు చిల్లున్న పిల్లకు ఆ పద్ధతి ఎలా కుదురుతుంది? మొదటిసారి ఆర్ల దాకా వచ్చేది. మళ్ళీ మొదలుపెడితే నాల్గుల దగ్గరే రొప్పేది. మూడోసారి రెళ్ళు కూడా దాటేది కాదు. "బుర్రకెక్కదమ్మా దీనికి," అని మాస్టారు మా అక్కతో అన్నారు. మేమూ నమ్మాం.

నమ్మడానికి మా ఇంటి పద్ధతి ఇంకోటి తోడైంది. గుంటూరు డాక్టరు గారు పిల్లను ఏడవనివ్వొద్దన్నారు. దాంతో మా అక్క అత్తగారు ఇంట్లో ఓ చట్టం చేసింది. "దాన్నేమీ అడక్కండ్రా, ఏడిస్తే నీలమెక్కుద్ది." ఎవరూ ఏమీ అడగలేదు, ఏ పనీ చెప్పలేదు. అది "నాకు..." అని ఊపిరి కోసం ఆగితే చాలు, పక్కనున్నవాళ్ళు "మంచినీళ్ళా? ఇదిగో!" అని చెంబు అందించేవాళ్ళు. కావలసింది మంచినీళ్ళు కాకపోయినా తాగేది. పదేళ్ళ పిల్ల ఒక్క వాక్యం పూర్తిగా చెప్పగా మా ఇంట్లో విన్నవాళ్ళు లేరు.

నేనూ వినలేదు, ఓ మధ్యాహ్నం దాకా. కళ్ళంలో ఆడవాళ్ళు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను గోనెపట్టా మీద కూర్చుని పక్క ఊళ్ళో పత్తికి పట్టిన పురుగు గురించి వార్త రాసుకుంటున్నాను. పిల్ల వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"మామయ్యా... పురుగు సంగతి... మొన్న పేపర్లో... చదివావుగా..."

చేతిలో పెన్సిలుంది. ఎదుటివాళ్ళు ముక్కలు ముక్కలుగా చెప్పేది ఆగి ఆగి రాసుకోవడం అప్పటికే నాకు అలవాటు. అలవాటు కొద్దీ రాశాను. నేను మంచినీళ్ళు ఇవ్వలేదు కాబట్టి తను చెబుతూనే పోయింది. చివరికి కాగితం చూసుకుంటే ఇలా ఉంది: "పురుగు సంగతి మొన్న పేపర్లో చదివావుగా, అందులో వానలు ఆలస్యమైతేనే వస్తుందన్నారు, మరి ఈ ఏడు వానలు ముందే పడ్డాయి కదా, మరెందుకొచ్చింది?"

ఆయాసం కాగితం మీద పడలేదు. వాక్యం ఒక్కటే పడింది. నా వార్తలో లేని ప్రశ్న అందులో ఉంది. నేను వసారాలో కూర్చుని పెద్దవాళ్ళకు చదివి వినిపించే పత్రికంతా ఈ పిల్ల వింటోందని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం నుంచి ఇద్దరం ఎక్కాలు మొదలుపెట్టాం. ఊపిరికి ఒక వరస. "ఆగితే తప్పు లేదు. ఆగినచోటు గుర్తుపెట్టుకో, చాలు," అన్నాను. ముసలావిడ నన్ను తిట్టిపోసింది. "ఏరా, పేపరోడా, పిల్లను చంపుతావా?"

పిల్లే జవాబిచ్చింది. "నేను చావను... నానమ్మా... నువ్వు కాసేపు... ఆగు."

ఇన్‌స్పెక్టరు గారి ఎదుట జరిగింది అదే. ఎనిమిదుల నూట ముప్పై ఆరు. తొమ్మిదుల నూట యాభై మూడు. పదుల దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి చెప్పింది. ఆయన తుమ్మి, ముక్కు తుడుచుకుని, "ఇప్పుడు కింది నుంచి పైకి చెప్పగలవామ్మా?" అన్నారు. చెప్పింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. మూడో తరగతి నుంచి తిన్నగా ఐదులో కూర్చోబెట్టమని రాసి సంతకం పెట్టి వెళ్ళారాయన. మర్నాడు మాస్టారే మా ఇంటికి వచ్చి, "దీనికి వెనక బెంచీ వద్దు, గాలి తగిలేట్టు కిటికీ దగ్గర కుర్చీ వేస్తాను," అన్నారు. ముసలావిడ ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన అడగలేదు.

అరవైల మధ్యలో మా మేనకోడలు హైస్కూలు చదువు పూర్తిచేసింది. ఆ ఇంట్లో అంతదాకా చదివిన మొదటి ఆడపిల్ల తనే. తర్వాత కొన్నేళ్ళకు దూరపు ఊళ్ళో గుండెకు ఆపరేషను జరిగింది. పెదవులు ఎర్రబడ్డాయి. ఒక్క గుక్కలో వాక్యం చెప్పడం మొదలుపెట్టాక మాకెవరికీ మాట్లాడే సందు దొరకలేదు.

అయితే మూడు పనులు వరసగా చెబితే మూడోది ఈనాటికీ తనకు గుర్తుండదు. సన్న గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. చిన్ననాడు ఆ నీలి రక్తంలోని గాలి మెదడుకు చాలకపోయిందా, లేక పదేళ్ళపాటు మేమెవరం తనకు పని చెప్పకపోవడం వల్లనా అని ఆపరేషను చేసిన డాక్టరు గారిని అడిగాను. గుండె సంగతైతే చెప్పగలనన్నారు. ఆయన ఇచ్చిన కాగితాలన్నీ నా దగ్గరున్నాయి. వాటిలో మెదడు అన్న మాట ఒక్కచోటా లేదు.