గడప లేని ఇల్లు

తమ్ముడి కొత్తింటి గడప దగ్గర నా చక్రాల కుర్చీ ఆగిపోయింది. ఇద్దరు మనుషులు నన్ను కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. డెబ్బై దాటాక ఎత్తించుకోవడం కూడా అలసటే. గడపకు పూసిన పచ్చి పసుపు వాసనకు బేతంచెర్లలో మా ఇల్లు గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్లు నిండేసరికి నడక పోయింది. అది వెన్నులోని నరాల జబ్బని, దానికో పేరుందని నాకు అరవై ఏళ్లు వచ్చాక గానీ తెలియలేదు. మట్టినేల మీద పాకితే తొడలు చీరుకుపోయేవి. రాళ్ల గనిలో పనిచేసే నాయన నున్నటి బండలు తెచ్చి ఇల్లంతా పరిచాడు. నేను నడవడానికే అనుకున్నాను.

పని అయ్యాక నాయన కింద కూర్చుని, కాళ్లు వదిలేసి, చేతులతో ఈడ్చుకుంటూ పొయ్యి దగ్గర్నుంచి తలుపు దాకా పోయాడు. నాతో ఆడుతున్నాడని పకపకా నవ్వాను. గడప అడ్డమొచ్చింది. లేచి గడ్డపార తెచ్చాడు.

"ఇంటి గడప ఎవురన్నా పీకుతారా? లచ్చిమి ఎట్లొస్తాది?" అని అమ్మ ఏడ్చింది.

"లచ్చిమికి కాళ్లుండాయి. ఎట్లయినా వస్తాది," అన్నాడు నాయన.

ఆ సాయంత్రం ఎవరూ ఎత్తకుండానే వాకిట్లోకి జరిగి పోయాను.

"రేపు నడుస్తా గదా నాయనా?" అని అడిగాను.

నాయన బండల మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

నేను నడవనని ఆ ఇంట్లో మొదట ఒప్పుకున్నది ఆయనే. ఇన్నేళ్లలో నన్ను గడపలు దాటించినవాళ్లు చాలామంది ఉన్నారు. గడప తీసేసింది మాత్రం నాయనొక్కడే.